హెచ్చరికకూ సినిమాకూ మధ్య పది సెకన్లు

(యానిమేషన్, గ్రాఫిక్ డిజైన్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసినది. తడబాట్లు తప్ప ఇంకేమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వాళ్లకు వినపడుతోందా? ఆ తలుపు దగ్గర నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మొహమాటం వద్దు.

సరే. "ఏదైనా పెద్ద విషయం తీసుకోండి సార్" అన్నారు నన్ను పిలిచినవాళ్లు. నేను చాలా చిన్నది తీసుకున్నాను. పది సెకన్లది. పిల్లల వీడియో క్యాసెట్ పెట్టగానే, అసలు బొమ్మ మొదలవకముందు, ఆ క్యాసెట్ వేసిన కంపెనీ లోగో ఒకటి కదులుతూ వస్తుంది చూడండి, అది. అక్షరాలు ఎగురుకుంటూ వస్తాయి, ఏదో తళుక్కుమంటుంది, ఓ సంగీతం ముక్క మోగుతుంది, అయిపోతుంది. ఇందులో మాట్లాడటానికి ఏముంది అంటారా? ఉంది. కాస్త ఓపిక పట్టండి.

క్యాసెట్ అనగానే కొందరి ముఖాలు చూస్తే నాకు అర్థమైపోయింది. మీలో చాలామంది దాన్ని చేత్తో పట్టుకుని కూడా ఉండరు. అందుకని ముందు ఆ వరుస చెబుతాను. క్యాసెట్‌ను వీసీఆర్‌లోకి, అంటే దాన్ని ఆడించే యంత్రంలోకి, తోస్తే అది లోపలికి లాక్కుంటుంది. టేపును బయటికి లాగి, గిర్రున తిరిగే డ్రమ్ము చుట్టూ చుట్టుకుంటుంది. కటకటమని ఒక చప్పుడు. కాసేపు నల్లటి తెర. తర్వాత చట్టం హెచ్చరిక. అమెరికా క్యాసెట్లలో ఇది ఎఫ్‌బీఐ పేరు మీద ఉండేది: అనుమతి లేకుండా కాపీ చేస్తే ఐదేళ్ల దాకా జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా. చాలా క్యాసెట్లలో దీని మీద ఏ శబ్దమూ ఉండదు. తర్వాత లోగో. తర్వాత రాబోయే క్యాసెట్ల ప్రకటనలు. ఎప్పటికో సినిమా. కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ మారేది గానీ, వరుస దాదాపు ఇదే.

ఇప్పుడు ఒక ప్రశ్న. పెద్దవాళ్లు ఒక సినిమాను ఎన్నిసార్లు చూస్తారు? ఒకసారి. బాగా నచ్చితే రెండోసారి. మరి నాలుగేళ్ల పిల్ల? పొద్దున చూస్తుంది, సాయంత్రం మళ్లీ అదే పెట్టమంటుంది. రేపూ అదే. ఎల్లుండీ అదే. టేపు అరిగి గీతలు వచ్చేదాకా అదే. ఆ పిల్ల సినిమా మధ్యలో నిద్రపోవచ్చు. అన్నానికి పిలిస్తే లేచి వెళ్లిపోవచ్చు. ముగింపు చూసినా చూడకపోయినా, మొదలు మాత్రం చూసి తీరుతుంది. రివైండ్ చేయకుండా మధ్యలోంచి పెడితే తప్ప, అది ఒప్పుకుంటాను. పైగా ఒకే కంపెనీ క్యాసెట్లు ఇంట్లో ఐదారు ఉంటే? సినిమాలు వేరు, లోగో మాత్రం అదే. అంటే ఆ పిల్ల తన చిన్నతనంలో అన్నిటికన్నా ఎక్కువసార్లు చూసిన యానిమేషన్ ఏది? ఏ గొప్ప దర్శకుడు తీసిందీ కాదు. ఆ పది సెకన్ల లోగో.

ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదే. ఆ లోగోలను డబ్బిచ్చి చేయించినవాళ్లు మొదటిసారి చూసేవాళ్లను దృష్టిలో పెట్టుకుని చేయించారు. చూసింది మాత్రం నూరోసారి చూసే పిల్లలు. ఈ రెంటికీ పొత్తు కుదరని చోటే వాటి మీద మనుషులకు ఉన్న ప్రేమా పుట్టింది, భయమూ పుట్టింది. మీరు రేపు పిల్లల కోసం ఏదైనా చేస్తే, ఆ నూరోసారి చూసే పిల్లను మర్చిపోకండి అని చెప్పడానికే వచ్చాను.

కాస్త చరిత్ర. ఎక్కువ చెప్పను. నేను చెబుతున్న ఈ క్యాసెట్ల రకం, జేవీసీ వాళ్ల వీహెచ్‌ఎస్, 1976లో జపాన్‌లో వచ్చింది, మరుసటి ఏడు అమెరికాలో. దానికన్నా ముందే, 1975లో, అలాంటిదే సోనీ బీటామ్యాక్స్ ఉంది. ఇళ్లలో జనం టీవీ కార్యక్రమాలు రికార్డు చేసుకుంటున్నారని యూనివర్సల్, డిస్నీ కలిసి 1976లో సోనీ మీద కోర్టుకెళ్లాయి. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1984 జనవరిలో తేలింది. ఐదుగురు జడ్జీలు ఇటు, నలుగురు అటు. సోనీ గెలిచింది. తమాషా ఏమిటంటే, ఆ కేసు నడుస్తుండగానే, 1980లో, డిస్నీ తన సొంత వీడియో విభాగం తెరిచేసింది! ఒక చేత్తో దావా, ఇంకో చేత్తో దుకాణం. చివరికి ఆ టేపుల వల్ల డిస్నీ బాగుపడినంతగా బాగుపడినవాళ్లు తక్కువ. 1995లో వాళ్ల ఒకే ఒక్క సినిమా, లయన్ కింగ్, 3 కోట్ల పైచిలుకు క్యాసెట్లు అమ్ముడైంది.

ఎందుకు అన్ని అమ్ముడయ్యాయి? ఇది మన విషయానికి ముఖ్యం. పెద్దవాళ్లు చూసే మామూలు సినిమా క్యాసెట్ మొదట్లో 80 డాలర్లకు అటూ ఇటూగా ఉండేది. ఎవరు కొంటారు? అద్దెకిచ్చే షాపువాళ్లు కొనేవారు, జనం అద్దెకు తెచ్చుకుని ఒక రాత్రి చూసి తిరిగిచ్చేవారు. పిల్లల క్యాసెట్ అలా కుదరదు. రోజూ అదే కావాలి కదా పిల్లకి? రోజూ అద్దె కట్టే బదులు కొనేయడమే నయం. ఆ సంగతి కంపెనీలు పసిగట్టి 1980ల చివరికల్లా పిల్లల క్యాసెట్ల ధరను 30 డాలర్ల లోపుకు దించాయి. అప్పుడు క్యాసెట్ షాపు అరలోంచి ఇంటి అరలోకి వచ్చింది. ఇంటికి వచ్చాక ఇక లెక్కలేదు, ఎన్నిసార్లయినా.

ఇంకో సంగతి. లేబుళ్లలో, అంటే క్యాసెట్లు వేసే కంపెనీల్లో, రెండు రకాలు. సొంత బొమ్మ ఉన్నవాళ్లు, లేనివాళ్లు. డిస్నీకి మిక్కీ ఉన్నాడు. 1980ల మొదట్లో వాళ్ల క్యాసెట్ల మీద నల్లటి తెరలో నియాన్ గీతల మిక్కీ వచ్చేవాడు, సింథసైజర్ సంగీతంతో. 1986లో దాన్ని మార్చి, 1940 నాటి ఫాంటాసియా సినిమాలో మంత్రగాడి టోపీ పెట్టుకున్న మిక్కీని తెచ్చారు. అది చాలా ఏళ్లు నడిచింది. పిల్లకు ఏ బెరుకూ లేదు. తెలిసిన ముఖం పలకరించింది, అంతే.

మరి సొంత బొమ్మ లేనివాళ్ల సంగతి? ఫ్యామిలీ హోమ్ ఎంటర్‌టైన్‌మెంట్ అని ఒక లేబుల్, 1980లో మొదలైంది, పొట్టిగా ఎఫ్‌హెచ్‌ఈ అనేవారు. నింజా టర్టిల్స్ కార్టూన్ క్యాసెట్లు వేసింది వాళ్లే. ఆ తాబేళ్లు వాళ్లవి కావు. వాళ్ల దగ్గరున్న బొమ్మలు దాదాపు అన్నీ హక్కులు కొని తెచ్చుకున్నవే. రేపు ఒప్పందం అయిపోతే తాబేలు ఇంకో కంపెనీకి వెళ్లిపోతుంది. అలాంటి లేబుల్‌కు తనదంటూ ఉన్నది ఏమిటి? మూడు అక్షరాలు. ఆ మూడు అక్షరాలనే ఆడించాలి, మెరిపించాలి, తిప్పాలి. అందుకే అక్షరాలు ఎగిరే లోగోలు ఎక్కువగా ఇలాంటి లేబుళ్లలోనే కనిపిస్తాయి. ముఖం లేనప్పుడు లోహాన్ని మెరిపించారు. ఇది నా అభిప్రాయం, మీరు ఒప్పుకోనక్కర్లేదు.

ఇప్పుడు అసలు పనిలోకి వద్దాం. ఎలా చేసేవారు? కంప్యూటర్‌లో అనుకుంటున్నారా? ఆ కాలానికి ఎక్కువ భాగం కాదు. మీరు చూసే ఆ మెరుపు, అక్షరాల అంచున వెలుగు పొగలా వ్యాపించడం, అది మామూలు లైటు. టేబుల్ మీద పైనుంచి కిందికి చూసే కెమెరా ఒకటి ఉంటుంది. కింద నల్లటి షీటు, దానిలో అక్షరం ఆకారంలో మాత్రమే వెలుతురు పోయే సందు. షీటు కింద నుంచి లైటు. ఆ సందు మీద రంగు జెల్ కాగితం. కెమెరా ముందు వెలుగును కాస్త చెదరగొట్టే ఫిల్టరు. షట్టర్ తెరిచి ఉంచి కెమెరాను మెల్లగా కిందికి దించితే, అక్షరం వెనక వెలుగు తోక వస్తుంది. ఒక్క ఫ్రేముకు ఇదంతా. ఎరుపు కోసం ఒకసారి తీస్తారు. ఫిల్మును వెనక్కి తిప్పుతారు. నీలం కోసం అదే ఫిల్ము మీద మళ్లీ తీస్తారు. మళ్లీ వెనక్కి. అంచు మెరుపు కోసం ఇంకోసారి. పది సెకన్లంటే సెకనుకు 24 చొప్పున 240 ఫ్రేములు. ఐదుసార్లు తిప్పితే 1200 ఎక్స్‌పోజర్లు. నాలుగో విడతలో షీటు వెంట్రుకవాసి జరిగిందనుకోండి? మొదటికొచ్చింది. అది జరిగిందని తెలిసేది కూడా ల్యాబ్ నుంచి ఫిల్ము కడిగి వచ్చాకే. ఇవాళ మనం గ్లో కావాలంటే ఏం చేస్తాం? ఒక బటన్ నొక్కుతాం. బాగోలేదంటే ఇంకోటి నొక్కుతాం. తప్పు అనడం లేదు. వాళ్లు ఏం చేస్తున్నారో ముందే తలలో చూసుకోకపోతే పని జరిగేది కాదు, అంతవరకే నా మాట.

రెండో దారి స్కానిమేట్. ఈ పేరు విన్నవాళ్లు చేతులెత్తండి. ఒకరు. సరే, ఆయన తర్వాత నాకు సాయం చేస్తాడు. లీ హారిసన్ అనే ఆయన డెన్వర్‌లో కంప్యూటర్ ఇమేజ్ కార్పొరేషన్ అనే సంస్థ పెట్టి దీన్ని తయారుచేశాడు. 1970ల్లో టీవీ అంతా దీని మయం. ఇది కంప్యూటరే, కానీ అంకెలతో నడిచేది కాదు, అనలాగ్. అక్షరాలను హైకాంట్రాస్ట్ ఫిల్ము మీద నలుపు తెలుపుగా తీసి, వెనక లైటు పెట్టి ఒక కెమెరాకు చూపిస్తారు. ఆ బొమ్మ లోపల ఒక తెర మీద పడుతుంది. తెర మీద కిరణాన్ని నడిపించే వోల్టేజీలు ఉంటాయి కదా, వాటిని మీటలు తిప్పి, వైర్లు ఈ రంధ్రంలోంచి ఆ రంధ్రంలోకి మార్చి వంకరలు తిప్పుతారు. కిరణం వంగితే అక్షరం వంగుతుంది. కిరణం అలలా ఊగితే అక్షరం అలలా ఊగుతుంది. ఆ తెరను ఇంకో కెమెరా చూసి రికార్డు చేస్తుంది. బూడిద రంగులో ఒక్కో ఛాయకు ఒక్కో రంగు కేటాయిస్తారు. ఇదంతా అప్పటికప్పుడు, కళ్ల ముందే జరిగిపోతుంది. మొత్తం తయారైన స్కానిమేట్లు ఎనిమిది అంటారు. ఎనిమిదే! ఆ కాలపు లోగోల్లో ఆ జెల్లీలా ఊగే అక్షరాలు చాలావాటిలో ఒకే పోలికతో ఎందుకుంటాయో ఇప్పుడు అర్థమైందా?

1980ల్లో ఈ పనిలోకి అంకెల కంప్యూటర్, అంటే డిజిటల్ కంప్యూటర్, వచ్చింది. 1980లో మొదలైన పసిఫిక్ డేటా ఇమేజెస్ లాంటి సంస్థలు ఎగిరే లోగోలు చేసి కడుపు నింపుకున్నాయి. అప్పటి కంప్యూటర్‌కు మనిషి చర్మం చేతకాదు, జుట్టు చేతకాదు, గుడ్డ చేతకాదు. నున్నటి లోహం, అద్దం, గోళం, ఇవే చేతనయ్యేవి. అందుకని అందరి లోగోలూ బంగారు, క్రోమ్ అక్షరాలైపోయాయి. పిల్లలకు ఇష్టమని ఎవరూ క్రోమ్ వాడలేదు. యంత్రానికి వచ్చింది అదే, వాడారు.

ఇంత కష్టపడి చేసింది ఎక్కడికి పోతుంది? వీహెచ్‌ఎస్ టేపులోకి. అక్కడ దాని గతి చూడండి. వీహెచ్‌ఎస్‌లో అడ్డంగా కనిపించే వివరం సుమారు 240 గీతలు. అది వెలుతురు సంగతి. రంగుకు అందులో చిన్న భాగమే మిగులుతుంది. ఫలితంగా సన్నటి ఎర్ర అక్షరం నీలం మీద పెట్టారంటే ఎరుపు పక్కకు కారిపోతుంది, నీళ్లు పడ్డ సిరాలాగా. తెలిసిన డిజైనర్లు ఏం చేసేవారు? అక్షరాలు లావుగా పెట్టేవారు. చుట్టూ నల్లటి గీత. వెనక నల్లటి తెర. మీకు పాత లోగోలన్నీ నల్లటి ఆకాశంలో ఎందుకు తేలుతుంటాయి అని అనుమానం వచ్చి ఉంటే, ఒక కారణం ఇది. ఇంకోటి, ఆ కాలపు టీవీ అంచుల్ని మింగేసేది. అందుకని అక్షరాలన్నీ తెరలో మధ్యన ఎనభై శాతం లోపలే ఉండాలని నియమం. మూలకు పెడితే సగం పేరే కనిపించేది.

ఇంకా ఉంది. లోగో ఉండేది టేపు మొదట్లో కదా? టేపులో ఎక్కువ దెబ్బతినేది ఆ భాగమే. ప్రతిసారీ యంత్రం లాక్కునేది అక్కడ, చుట్టుకునేది అక్కడ, రివైండ్ అయ్యి టక్కుమని ఆగేది అక్కడ. పైగా ప్లే నొక్కిన మొదటి క్షణాల్లో ట్రాకింగ్, అంటే టేపు మీది జాడను యంత్రం సరిగ్గా పట్టుకోవడం, సరిపడదు. బొమ్మ మీద తెల్లటి చారలు, అడుగున వణుకు, సంగీతం శ్రుతి తప్పి ఊగడం. ఇంకో మాటలో చెప్పాలంటే, క్యాసెట్ మొత్తంలో జాగ్రత్తగా పాలిష్ పెట్టిన పది సెకన్లు, అన్నిటికన్నా పాడైన చోట ఉండేవి. పిల్లకు గుర్తున్న లోగో స్టూడియో వాళ్లు చేసింది కాదు. వాళ్ల ఇంటి వీసీఆర్ దానికి చేసింది. ఇద్దరు పిల్లలకు ఒకే లోగో రెండు రకాలుగా గుర్తుంటుంది, ఒకరికి పచ్చగా, ఒకరికి వంకరగా. ఇద్దరూ నిజమే చెబుతారు.

ఇప్పుడు భయం సంగతి. దీని కోసమే కొందరు వచ్చారని నాకు తెలుసు, నవ్వకండి.

లోగోలకు భయపడ్డ పిల్లలు చాలామంది. ఇప్పుడు ముప్ఫై, నలభై ఏళ్లవాళ్లను అడిగి చూడండి. ఒకాయన నాతో అన్నాడు, క్యాసెట్ తనే పెట్టి, ప్లే నొక్కి, పక్కగదిలోకి పరుగెత్తి, ఆ సంగీతం ఆగాక తిరిగి వచ్చేవాడట. సినిమా మీద ఇష్టం, లోగో అంటే హడలు. టీవీలో అయితే దీనికి పాత ఉదాహరణ ఒకటుంది. స్క్రీన్ జెమ్స్ అనే కంపెనీ 1965లో తెచ్చిన ఎస్ అక్షరపు లోగో. రూపం చెర్మయెఫ్, గైస్మార్ అనే డిజైన్ సంస్థవాళ్లది, సంగీతం ఎరిక్ సిడేది. ఆ లోగోకు జడిసి పెరిగినవాళ్ల మీద 2010లో ఒక చిన్న డాక్యుమెంటరీ కూడా తీశారు. అందులో దయ్యం లేదు, రక్తం లేదు. రెండు వంకర గీతలూ ఒక చుక్కా. మరెందుకు భయం?

నేను మూడు కారణాలు చెబుతాను. మొదటిది నిశ్శబ్దం. హెచ్చరిక తెర గుర్తుందా? చప్పుడు లేదన్నాను. పిల్లకు అది చదవడం రాదు. గది నిశ్శబ్దం. చప్పుడు వినపడట్లేదని పెద్దవాళ్లు సౌండు పెంచి ఉంటారు. అప్పుడు ఠాప్ మని లోగో సంగీతం. ఎవరైనా ఉలిక్కిపడతారు కదా? తప్పు లోగోది కూడా కాదు, దాని ముందున్నదానిది. డిజైనర్ తన పది సెకన్లను స్టూడియోలో విడిగా చూసుకున్నాడు. దాని ముందు ఏముంటుందో అతనికి ఎవరూ చెప్పలేదు.

రెండోది దూసుకురావడం. 1971లో బాల్, ట్రానిక్ అనే ఇద్దరు పరిశోధకులు పసిపిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. కొన్ని వారాల వయసు పిల్లలు. వాళ్ల ముందు తెర మీద ఒక నీడను పెద్దది చేసుకుంటూ పోయారు, ఏదో వస్తువు నేరుగా వాళ్ల మీదికి వస్తున్నట్టు. పిల్లలు తల వెనక్కి లాక్కున్నారు, చేతులు ముఖానికి అడ్డం తెచ్చుకున్నారు. అదే నీడ పక్కకు తప్పుకుపోతున్నట్టు చూపిస్తే అలా చేయలేదు. నేర్చుకున్న భయం కాదు, పుట్టుకతో వచ్చింది అన్నది వాళ్ల మాట. మరి మన ఎగిరే లోగో చేసేది ఏమిటి? చీకట్లోంచి ఒక చుక్కలా మొదలై, తిన్నగా, మధ్యగా, మీదమీదికి పెద్దదవుతూ వచ్చి ముఖం ముందు ఆగుతుంది! ప్రయోగశాలలో పసిపిల్లను బెదిరించడానికి చేసిన పనినే మనం పిల్లల క్యాసెట్‌కు ముఖద్వారంగా పెట్టాం. కాస్త పక్క నుంచి తెస్తే పోయేది. అక్షరాన్ని ఎడమ నుంచి నడిపించుకుని రండి, ఎవరూ జడవరు.

మూడోది శబ్దం ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియకపోవడం. వయొలిన్ మోగితే ఎవరో వాయిస్తున్నారని తెలుస్తుంది. గొంతు వినిపిస్తే మనిషి. అప్పటి సింథసైజర్ ధ్వని దేనిదీ కాదు. ఇప్పుడు మన చెవులకు అలవాటైపోయింది. అప్పటి పిల్లకు అది ఏ జంతువు అరుపో తెలియని అరుపు.

అయితే ముఖం పెడితే భయం పోతుందా? నేనూ అలాగే అనుకునేవాణ్ణి, అయితే క్లాస్కీ చూపో అనే కార్టూన్ కంపెనీ వాళ్ల 1998 లోగో అడ్డం వస్తుంది. అది టీవీ కార్టూన్ల చివర వచ్చేది. సిరా మరక పడుతుంది, దాని మీద పత్రికలోంచి కత్తిరించినట్టున్న కళ్లూ నోరూ వచ్చి పడతాయి, యంత్రం గొంతుతో కంపెనీ పేరు పలుకుతుంది. ముఖం ఉంది. కానీ ముక్కలు ముక్కలుగా అతికిన ముఖం. కొందరు పిల్లలు పడి పడి నవ్వారు, కొందరు దుప్పటి కప్పుకున్నారు. కాబట్టి ముఖం ఒక్కటే చాలదు. ఆ ముఖానికి ఏం కావాలో పిల్లకు తెలియాలి.

అదెలాగో చూపించే లోగో ఒకటి చెబుతాను. వీడియో లేబుల్‌ది కాదు, స్టూడియోది. అయినా క్యాసెట్ల మీదా, డిస్కుల మీదా పిల్లలు లెక్కలేనన్నిసార్లు చూసింది. పిక్సార్ దీపం. 1986లో ఒక చిన్న చిత్రం కోసం పుట్టిన టేబుల్ ల్యాంపు. 1995 నుంచి వాళ్ల లోగోలో గెంతుతోంది. దానికి కళ్లు లేవు, నోరు లేదు. కుడివైపు నుంచి గెంతుకుంటూ వస్తుంది. పిక్సార్ అన్న ఇంగ్లీషు అక్షరాల ముందు నుంచి పోయి 'ఐ' దగ్గర ఆగుతుంది. దాని మీదికెక్కి తొక్కుతుంది. అక్షరం కాస్త అణిగి మళ్లీ లేస్తుంది. మళ్లీ తొక్కుతుంది. చివరికి చదునుగా అయిపోతుంది. అప్పుడు దీపం కిందికి చూస్తుంది, అటూ ఇటూ చూస్తుంది. చూసి, మెల్లగా మన వైపు తిరుగుతుంది.

ఏం జరిగిందండీ అక్కడ? చేయకూడని పని చేసి, ఎవరైనా చూశారా అని తల తిప్పింది. నాలుగేళ్ల పిల్లకు ఇంతకన్నా బాగా తెలిసిన అనుభవం ఏముంది? గ్లాసు పగలగొట్టాక ఆ పిల్ల చేసేది అదే కదా. ఇంకో సంగతి గమనించారా? అది ఎవరి మీదికీ దూసుకురాదు, పక్క నుంచి వస్తుంది. చప్పుళ్లన్నీ దాని గెంతులవే, ఏ చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో కళ్లకు కనిపిస్తూనే ఉంటుంది. చదవడం రాని పిల్లకు కూడా ఒక అక్షరం గుర్తుండిపోతుంది, పాపం అణిగిపోయిన అక్షరం. నూరోసారి చూసినా పని చేస్తుంది, ఎందుకంటే నూరోసారికి పిల్ల దీపం కన్నా ముందే తొక్కుతుంది. గదిలో సోఫా మీద నిలబడి తనూ గెంతుతుంది.

ఇది నా ఊహ మాత్రమే కాదు. బ్లూస్ క్లూస్ అని చిన్నపిల్లల కార్యక్రమం, నికెలోడియన్‌లో 1996లో మొదలైంది. వాళ్లు ఒకే భాగాన్ని సోమవారం నుంచి శుక్రవారం దాకా ఐదు రోజులూ వేసేవారు. విసుగు రాదా అన్నారు పెద్దవాళ్లు. డేనియల్ ఆండర్సన్ అనే పరిశోధకుడి బృందం పరిశీలించింది, 1999లో ఫలితాలు వచ్చాయి. మళ్లీ మళ్లీ చూసేకొద్దీ పిల్లలు తెరతో మాట్లాడటం, సమాధానాలు అరవడం పెరిగింది. మొదటిసారి బొమ్మలా కూర్చుని చూస్తారు, అర్థం చేసుకునే పనిలో ఉంటారు. ముందేం వస్తుందో తెలిశాకే నోరు విప్పుతారు. పెద్దవాళ్లకు కొత్తదనం కావాలి. పిల్లకు, వచ్చేది తనకు ముందే తెలుసు అన్న గర్వం కావాలి. లోగో చేసేవాడు ఆ గర్వానికి చోటు ఇవ్వాలి. ఒక చిన్న విరామం చాలు. గెంతే ముందు దీపం కాస్త వంగుతుంది చూశారా, ఆ అర సెకను. పిల్ల అందులోకి దూరుతుంది.

డిస్కు గురించి రెండు ముక్కలు. 1997లో అమెరికాలో డీవీడీ వచ్చింది. క్యాసెట్‌లో లోగో నచ్చకపోతే ఫాస్ట్ ఫార్వర్డ్ నొక్కేవాళ్లం. డిస్కులో ఆ బటన్ పని చేయకుండా తాళం వేసే సౌకర్యం ఇచ్చారు కంపెనీలకు. నొక్కితే తెర మూలన అడ్డగీత గుర్తు పడుతుంది, కుదరదు అని. బలవంతంగా చూపించిన లోగోను ఎవరు ప్రేమిస్తారు? దాని గురించి ఇంతకన్నా చెప్పను, కోపం వస్తుంది.

చివరిగా ఒక పని అప్పగించి ముగిస్తాను. ఈ లోగోలు చేసినవాళ్ల పేర్లు ఎక్కడా ఉండవు. సినిమా చివర పేర్లు పడతాయి, లోగో చివర పడవు. కంపెనీలు కూడా మిగల్లేదు. ఇందాక చెప్పిన ఎఫ్‌హెచ్‌ఈ ఉన్న లైవ్ ఎంటర్‌టైన్‌మెంట్ 1998లో ఆర్టిసాన్‌గా పేరు మార్చుకుంది. 2003లో ఆర్టిసాన్‌ను లయన్స్‌గేట్ కొనేసింది. ఆ బొమ్మలు మళ్లీ డిస్కు మీదికో, నెట్‌లోకో వచ్చేటప్పుడు ముందు కొత్త యజమాని లోగో వేస్తారు, పాతది కత్తిరిస్తారు. వాళ్ల లెక్కలో అది న్యాయమే, దానికి ఎవరూ డబ్బివ్వరు కదా. అందుకని చాలా లేబుళ్ల లోగోలు మిగిలింది ఇళ్లలోని క్యాసెట్లలోనే. వీసీఆర్లు తయారుచేసిన చివరి పెద్ద కంపెనీ, జపాన్‌లోని ఫునాయ్, 2016 జూలైలో ఆపేసింది. ఉన్న యంత్రాలు ఉన్నన్నాళ్లే.

కాబట్టి మీ చేతికి ఎప్పుడైనా పిల్లల క్యాసెట్ వచ్చి, దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటే, మూడు జాగ్రత్తలు. ముందు ఒకసారి చివరిదాకా తిప్పి, పూర్తిగా వెనక్కి రివైండ్ చేయండి, టేపు చుట్టలు సమంగా పడతాయి. రెండోది, ముందు కంప్యూటర్‌లో రికార్డింగు మొదలుపెట్టి, ఆ తర్వాతే వీసీఆర్‌లో ప్లే నొక్కండి. తిరగేసి చేస్తే మొదటి క్షణాలు పోతాయి. ఆ క్షణాల్లోనే లోగో ఉంది. మూడోది, హెచ్చరిక తెరను, దాని నిశ్శబ్దాన్ని కత్తిరించకండి. నల్లటి తెర ఎన్ని సెకన్లు ఉంటే అన్ని సెకన్లూ ఉంచండి. ఆ నిశ్శబ్దం లేకుండా లోగో ఎందుకు ఉలిక్కిపడేలా చేసిందో ఎవరికీ అర్థం కాదు.

ఇక లైట్లు ఆపితే కొన్ని లోగోలు వేసి చూపిస్తాను. సౌండు కాస్త తగ్గించండి బాబూ. జడిసేవాళ్లు ముందే చెప్పండి, పక్కగది తలుపు తెరిచే ఉంది. అవి చూశాక ప్రశ్నలు.